చూరు కింద కాపురం

1. పగిలిన గుడ్లు

వరంగల్ రంగశాయిపేటలో ఒక పాత పెంకుటిల్లు ఉండేది. మట్టి గోడలు. పైన దూలాలు, వాసాలు. వాసాల మీద గూన పెంకులు. ఆ ఇంట్లో ఒక అవ్వ, ఆమె కొడుకు, కోడలు, మనుమరాలు ఉండేవారు. కొడుకు ఆటో నడుపుతాడు. కోడలు ఇంట్లో మిషన్ కుడుతుంది. మనుమరాలు డిగ్రీ చదువుతోంది. అవ్వ చిన్నప్పుడు బడికి పోలేదు. అరవై ఏళ్ల వయసులో రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకుంది.

వానాకాలం వస్తే ఆ ఇల్లు కురిసేది. గిన్నెలు, బకెట్లు పెట్టి రాత్రంతా మేలుకొని కూర్చునేవారు. అందుకే కొడుకు అప్పు తెచ్చాడు. పాత ఇల్లు తీసేసి స్లాబు ఇల్లు వేయాలనుకున్నాడు. పక్క బజారులో ఒక ఇల్లు కిరాయికి తీసుకొని సామాను అందులోకి మార్చారు. ఫాల్గుణ మాసంలో మంచి రోజు చూసి పని మొదలుపెట్టారు.

మొదటి రోజు వెనక అర్ర పెంకులు దించుతున్నారు. కూలి మనిషి పెంకుల సందులోంచి ఒక గడ్డి కుచ్చును లాగి కింద పడేశాడు. అందులో ఎండుగడ్డి ఉంది. దారం ముక్కలు, ఈకలు ఉన్నాయి. వాటితోపాటు నాలుగు చిన్న గుడ్లు నేలమీద పడి పగిలిపోయాయి. తెల్లటి గుడ్లు. వాటి మీద గోధుమరంగు చుక్కలు. రెండు పిచ్చుకలు కరెంటు తీగ మీద వాలి ఒకటే అరుపు.

అవ్వ పరుగున వచ్చింది.

"అయ్యో! కడుపుతోటి ఉన్నదాన్ని ఇంట్లకెల్లి ఎల్లగొట్టినట్టాయె!" అంది.

"పిచ్చుకలకేమున్నది అవ్వా? ఇంకో ఇల్లు చూసుకుంటయి" అన్నాడు మేస్త్రీ.

అవ్వ చుట్టూ చూసింది. ఎడమ పక్కది స్లాబు ఇల్లు. కుడి పక్కది మూడంతస్తుల బిల్డింగు. ఎదురుగా ఉన్న దుకాణానికి ముందంతా అద్దాలే. ఆ బజారులో మిగిలిన పెంకుటిల్లు ఇదొక్కటే.

"ఏ ఇంటికి పోతయి కొడుకా?" అని అడిగింది.

మేస్త్రీ మాట్లాడలేదు.

2. పన్నెండు రోజుల లెక్క

సాయంత్రం మనుమరాలు కాలేజీ నుంచి వచ్చింది. సంగతి తెలుసుకొని నిచ్చెన వేసి ముందరి చూరు దగ్గరికి ఎక్కింది. ఫోను లైటు వేసి చూసింది. వాసానికీ పెంకుకూ మధ్య ఇంకొక గూడు కనబడింది. అందులో మూడు పిల్లలు ఉన్నాయి. వాటి ఒంటి మీద ఈకలు లేవు. కళ్లు ఇంకా తెరవలేదు. అలికిడి కాగానే మూడూ నోళ్లు తెరిచాయి.

"నానమ్మా, ఇవి పుట్టి మూడు రోజులు అయి ఉంటయి" అంది మనుమరాలు.

"ఎగరాలంటే ఇంకా ఎన్ని రోజులు పడ్తది బిడ్డా?"

మనుమరాలు కాగితం మీద లెక్క వేసి చూపింది. ఊరపిచ్చుక రోజుకు ఒకటి చొప్పున మూడు నుంచి ఐదు గుడ్లు పెడుతుంది. వాటిని సుమారు పన్నెండు రోజులు పొదుగుతుంది. ఈ పనిలో ఆడదీ మగదీ రెండూ ఉంటాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల సుమారు పదిహేను రోజులు గూట్లో పెరుగుతుంది. అంటే మొదటి గుడ్డు నుంచి పిల్ల ఎగిరేదాకా ఒక నెల పడుతుంది. పదిహేనులో మూడు పోతే పన్నెండు. ఈ పిల్లలు ఎగరాలంటే ఇంకా పన్నెండు రోజులు కావాలి.

"పన్నెండు రోజులా?" అన్నాడు కొడుకు. "కిరాయి ఎవలు కడ్తరు? వానలు పడకముందే స్లాబు పడాలె. మూడు పిచ్చుక పిల్లల కోసం ఇల్లు ఆపుతరా ఎవలన్న?"

అతని మాటలోనూ నిజం ఉంది. నెలనెలా కిరాయి కట్టాలి. అప్పుకు మిత్తి పెరుగుతుంది. అతను పిచ్చుకలకు పగవాడు కాడు. అతని కష్టం అతనిది. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

మరునాడు పొద్దున మేస్త్రీ వచ్చాడు. ఆయన ఇల్లంతా ఒకసారి చుట్టి వచ్చి లెక్క చెప్పాడు.

"అన్నా, పని ఆపొద్దు. వెనకకెల్లి చేసుకుంట వద్దం. వెనక అర్ర కూలగొట్టుడు, పెంకలు ఏరుడు, దూలాలు దించుడు, మట్టి ఎత్తుడు - అన్నిటికి తొమ్మిది రోజులు పడ్తది. ముందటి చూరు ఆఖరికి ముడ్తం. నడుమ మూడు రోజులు నేను వేరే పని చూసుకుంట. నీకు పోయేది మూడు రోజులే."

కొడుకు కాసేపు ఆలోచించాడు. "సరే" అన్నాడు.

కానీ ఇంకొక చిక్కు ఉంది. కూలీలు రోజూ ఒకరే రారు. అడ్డా మీద ఎవరు దొరికితే వారు వస్తారు. కొత్తగా వచ్చినవారికి గూడు సంగతి ఎలా తెలుస్తుంది?

అవ్వ బొగ్గు ముక్క తీసుకుంది. ముందరి గోడ మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసింది: "పైన గూడు ఉంది. కూల్చ వదు."

"నానమ్మా, ద కింద వత్తు పెట్టాలె" అంది మనుమరాలు.

అవ్వ ద కింద ఇంకో ద పెట్టింది. "పైన గూడు ఉంది. కూల్చవద్దు." ఆమె బడిలో పలక మీద చాలా రాసింది. సంతకం కూడా చేసింది. కానీ పదిమంది చదివి నడుచుకోవలసిన మాట రాయడం ఆమెకు అదే మొదటిసారి.

3. పిట్టకు చోటు ఎక్కడ?

ఆ పన్నెండు రోజులూ అవ్వ, మనుమరాలు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవారు. పిట్టలను చూస్తూ మాట్లాడుకునేవారు. మనుమరాలు తాను చదివింది చెప్పేది. అవ్వ తాను చూసింది చెప్పేది. ఆ మాటల సారం ఇది.

పిట్ట సంసారం చేయాలంటే దానికి మూడు కావాలి. ఒకటి గూటికి చోటు. రెండు పిల్లలకు మేత. మూడు తన పాట జోడుకు వినబడే నిమ్మళం. పట్నం పెరిగితే ఈ మూడూ తగ్గుతాయి. పిట్టను ఎవరూ చంపరు. కానీ అది పిల్లలను పెంచే వీలు పోతుంది. పిల్లలు లేకపోతే కొన్నేళ్లకు ఆ పిట్టే కనబడదు.

ముందు చోటు సంగతి చూద్దాం.

ఊరపిచ్చుక చెట్టు కొమ్మల మీద కంటే మనిషి ఇంటి సందుల్లోనే ఎక్కువగా గూడు పెడుతుంది. పెంకుల సందు, దూలం కొస, గోడ బొక్క, పాత ఫోటో పటం వెనక చోటు - ఇవే దాని ఇండ్లు. మనిషి ఎక్కడ గింజలు పండించి ఇల్లు కట్టుకున్నాడో అక్కడికి ఇది కూడా వచ్చింది. వేల ఏళ్లుగా మన ఇల్లే దాని ఇల్లు. స్లాబు ఇంట్లో సందులు ఉండవు. గోడలు నున్నగా ఉంటాయి. కిటికీలకు అద్దాలు, జాలీలు ఉంటాయి. ఆ ఇల్లు మనకు మంచిదే. వాన కురవదు, పాము రాదు. కానీ పిచ్చుకకు అందులో చోటు లేదు.

నలుపూ తెలుపూ కలిసిన ఒక పిట్ట ఉంది. తోక పైకి ఎత్తి, ఇంటి కొసన కూర్చొని, తెల్లవారుజామున తీయగా పాడుతుంది. దాన్ని పుస్తకాల్లో పెద్దనల్లంచి అంటారు. అది ముసలి చెట్ల తొర్రల్లో, పాత గోడల బొక్కల్లో గుడ్లు పెడుతుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు పోయేది ముసలి చెట్లే. వాటి బదులు నాటిన మొక్కకు తొర్ర పడాలంటే ఎన్నో ఏళ్లు పడుతుంది.

కుట్టుపిట్ట చాలా చిన్నది. అది వెడల్పాటి ఆకుల అంచులను దగ్గరికి లాగి, ముక్కుతో చిల్లులు పొడిచి, దూది పోగులతో, సాలీడు దారంతో కుడుతుంది. ఆ ఆకు సంచిలో గుడ్లు పెడుతుంది. దానికి పెద్ద చెట్టు అక్కరలేదు. పెరట్లో ఒక గుబురు మొక్క చాలు. పెరడంతా సిమెంటు చేస్తే ఆ ఒక్క మొక్కా ఉండదు.

గిజిగాడు సంగతి వేరు. దాని కాపురం వానాకాలంలో. వరి ఆకులను, పొడుగు గడ్డిని పీలికలుగా చీల్చి మగపక్షి గూడు అల్లుతుంది. తాటిచెట్టుకో ఈతచెట్టుకో వేలాడదీస్తుంది. కింద నీళ్లు ఉంటే మరీ మంచిది. పాములు, పిల్లులు అందుకోలేవు. గూడు సగం అయ్యాక ఆడపక్షి వచ్చి చూస్తుంది. గూడు నచ్చితేనే జోడు కడుతుంది. ఆ తర్వాతే మగపక్షి మిగతా గూడు పూర్తి చేస్తుంది.

"మా చిన్నప్పుడు బాయి మీది ఈతచెట్టుకు గిజిగాని గూళ్లు లాంతర్లలెక్క ఏలాడేటియి" అంది అవ్వ.

వరంగల్, హనుమకొండ, కాజీపేట ఒకప్పుడు వేర్వేరు ఊళ్లు. వాటి నడుమ పొలాలు, కుంటలు, తాళ్లు ఉండేవి. ఇప్పుడు మూడూ కలిసి ఒకే పెద్ద నగరం అయ్యాయి. పొలం ప్లాట్లయితే వరి ఆకు పోతుంది. బావి పూడ్చితే దాని మీద వాలిన చెట్టు కూడా పోతుంది. అల్లడానికి ఆకు లేదు, వేలాడదీయడానికి కొమ్మ లేదు. అప్పుడు గిజిగాడు పట్నం విడిచి ఇంకా దూరం పోతుంది.

4. తల్లి తినేది గింజ, పిల్ల తినేది పురుగు

ఒకరోజు అవ్వ చాటలో నూకలు తెచ్చి అరుగు మీద చల్లింది. పెద్ద పిచ్చుకలు వచ్చి తిన్నాయి. కానీ గూటికి మాత్రం నూకలు తీసుకుపోలేదు. దూరంగా ఉన్న వేపచెట్టు మీదికి పోయి, ముక్కున ఏదో పట్టుకొని వచ్చాయి.

"అది నూక కాదు నానమ్మా. పచ్చ పురుగు" అంది మనుమరాలు.

ఈ సంగతి చాలామందికి తెలియదు. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది. దాని పిల్లకు మాత్రం మొదటి రోజుల్లో మెత్తటి పురుగులే కావాలి. పిల్ల పదిహేను రోజుల్లో పెరిగి ఎగరాలి. దానికి మాంసకృత్తులు కావాలి. అవి పురుగుల్లో ఎక్కువ. గింజ దాని కడుపుకు బరువు. మన పసిపిల్లకు జొన్నరొట్టె పెడితే ఎలా ఉంటుందో అలాగే.

పురుగు ఎక్కడ పుడుతుంది? చెట్టు ఆకు మీద, గడ్డిలో, పూల మొక్క మీద, ఎరువు కుప్పలో. పట్నంలో వీటి బదులు సిమెంటు, తారు వచ్చాయి. ఉన్న కొన్ని మొక్కలు కూడా అందానికి పెంచే పరదేశపు మొక్కలు. మన పురుగులు చాలావరకు వాటి ఆకు తినవు. దానికి తోడు పురుగు మందు కొడతాం. పురుగు చస్తుంది. పురుగుతోపాటు పిట్టపిల్ల తిండి పోతుంది.

ఇంగ్లండు దేశంలో లెస్టర్ అనే పట్నం ఉంది. అక్కడ ఊరపిచ్చుకల గూళ్లను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. పురుగులు తక్కువగా దొరికిన చోట తల్లిదండ్రులు పిల్లలకు ఆకు ముక్కలు, గింజలు, చీమలు పెట్టాయి. అలాంటి గూళ్లలో పిల్లలు ఎక్కువగా చనిపోయాయి. బతికిన పిల్లలు కూడా బరువు తక్కువగా ఉన్నాయి. ఇతర దేశాల్లో పట్నం పిట్టలను, అడవి పిట్టలను పోల్చి చూసినప్పుడు కూడా ఇలాంటిదే తేలింది. పట్నం పిట్టలు చాలాచోట్ల ముందుగానే గుడ్లు పెడతాయి. కానీ తక్కువ గుడ్లు పెడతాయి. పిల్లలు బక్కగా ఉంటాయి.

చాలామంది "సెల్ టవర్ల వల్లనే పిచ్చుకలు పోయినయి" అంటారు. అది గట్టిగా రుజువు కాలేదు. గూటికి చోటు పోవడం, పురుగు దొరకకపోవడం - ఈ రెండూ మన కళ్ల ముందు జరుగుతున్నవే. టవర్ మీద నింద వేసి ఊరుకుంటే మన చేతిలో ఉన్న పని కూడా చేయం.

5. పాట ఎందుకు? చీకటి ఎందుకు?

పిట్ట పాట మన చెవికి ఇంపు. కానీ పిట్ట మన కోసం పాడదు. మగపిట్ట రెండు మాటలు చెప్పడానికి పాడుతుంది. ఆడపిట్టతో "నేనిక్కడ ఉన్నా, రా" అంటుంది. ఇంకో మగపిట్టతో "ఇది నా జాగా, రాకు" అంటుంది. ఆ పాట వినబడితేనే జోడు కుదురుతుంది. జోడు కుదిరితేనే గూడు, గుడ్లు, పిల్లలు.

రోడ్డు మీద లారీలు, బస్సులు, ఆటోలు పోతుంటే ఆ మోతలో సన్నని పాట మునిగిపోతుంది. అందుకే కొన్ని పిట్టలు తమ పాటనే మార్చుకున్నాయి. నెదర్లాండ్స్ దేశంలోని లైడెన్ పట్నంలో పరిశోధకులు 2003లో ఒక సంగతి బయటపెట్టారు. మోత ఎక్కువ ఉన్న వీధుల్లో ఒక రకం పిట్టలు మంద్రపు గొంతు వదిలేసి హెచ్చు గొంతుతో పాడుతున్నాయి. సంతలో మనం గట్టిగా మాట్లాడినట్టే ఇదీ.

2020లో కరోనా వచ్చినప్పుడు ప్రపంచమంతా బండ్లు ఆగిపోయాయి. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర పరిశోధకులు అప్పుడు పిట్టల పాటలను రికార్డు చేశారు. మోత తగ్గగానే పిట్టలు గొంతు తగ్గించి పాడాయి. అయినా వాటి పాట అంతకు ముందుకంటే ఎక్కువ దూరం వినబడింది. మనం మోత తగ్గిస్తే పిట్టలు వెంటనే కోలుకుంటాయని దీని వల్ల తెలిసింది.

ఇక చీకటి సంగతి. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు పాడాలి, ఏ కాలంలో గుడ్లు పెట్టాలి - ఇవన్నీ పిట్టకు వెలుతురు చెబుతుంది. రాత్రంతా వీధి లైట్లు వెలుగుతుంటే దాని లెక్క తప్పుతుంది. ఆస్ట్రియా దేశంలో వియన్నా నగరం దగ్గర చేసిన పరిశోధన 2010లో వెలువడింది. వీధి లైట్ల పక్కన ఉన్న పిట్టలు తెల్లవారకముందే పాట మొదలుపెట్టాయి. ఒక రకం పిట్టలు గుడ్లు కూడా కాస్త ముందే పెట్టాయి. పురుగులు పుట్టే కాలం రాకముందే పిల్లలు పుడితే వాటికి తిండి కరువే.

6. అన్ని పిట్టలూ పోతున్నాయా?

లేదు. పట్నం అన్ని పిట్టలకూ ఒకేలా ఉండదు. కాకి, పావురం, గోరువంక పట్నంలో బాగానే బతుకుతాయి. కాకికి చెత్తకుప్పే అన్నం. పావురానికి అపార్ట్‌మెంటు సజ్జే కొండ గుహ. తలమీద కుచ్చు, తోక కింద ఎరుపు ఉండే పిగిలిపిట్ట పూలకుండీలో కూడా గూడు పెడుతుంది. తేనెపిట్ట బట్టల తీగకు గూడు వేలాడదీస్తుంది. కాకులు, పిల్లులు పెరిగిన చోట మాత్రం చిన్న పిట్టల గుడ్లకు, పిల్లలకు ముప్పు ఎక్కువ. గుబురు మొక్కలు లేకపోతే గూడు అందరి కళ్లకూ కనబడుతుంది.

ఊరపిచ్చుక దేశం మొత్తం మీద మాయం కాలేదు. మన దేశపు పక్షుల స్థితి మీద 2020లో ఒక పెద్ద నివేదిక వచ్చింది. పాతికేళ్ల లెక్కలు చూస్తే దేశం మొత్తంలో ఊరపిచ్చుకలు దాదాపు నిలకడగా ఉన్నాయని అందులో రాశారు. కానీ ఆరు మహానగరాల్లో తగ్గుతున్నాయని తేలింది. ఆ ఆరింటిలో మన హైదరాబాద్ కూడా ఉంది. అంటే పల్లెలో ఉంది, పెద్ద పట్నంలో పోతోంది. వరంగల్ ఇప్పుడు ఆ దారిలోనే పెరుగుతోంది. హైదరాబాద్‌లో జరిగిందే ఇక్కడా జరగాలా, వద్దా? అది ఇప్పుడు ఇల్లు కట్టుకునేవారి చేతిలో ఉంది.

పిట్టలను లెక్కపెట్టడం కొత్త సంగతి కాదు. సలీం అలీ అనే గొప్ప పక్షి శాస్త్రవేత్త 1931-32లో హైదరాబాద్ రాజ్యమంతా తిరిగి పక్షులను లెక్క రాశాడు. వరంగల్ అప్పుడు ఆ రాజ్యంలోదే. చిన్నప్పుడు ఒక పిచ్చుకను కొట్టి, అది ఏ జాతిదో తెలుసుకోవాలనుకోవడంతో ఆయనకు పక్షుల మీద ధ్యాస పుట్టింది. పిచ్చుకల కోసం ఇప్పుడు ఒక రోజు కూడా ఉంది. 2010 నుంచి ఏటా మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుతున్నారు.

7. మూడు గూళ్లు

తొమ్మిది రోజుల్లో వెనక పని అయింది. మేస్త్రీ వేరే పనికి పోయాడు. కూలీలు ముగ్గురు నలుగురు మారారు. ప్రతివారూ గోడ మీది మాట చదివారు. చదువు రానివారికి పక్కవారు చదివి చెప్పారు. ఎవరూ చూరు ముట్టలేదు.

పదకొండో రోజు ఒక పిల్ల గూటి అంచుకు వచ్చి కింద పడింది. కోడలు దాన్ని ముట్టడానికి భయపడింది.

"మనిషి చెయ్యి తగిల్తే తల్లి రాదంటరు గదా అత్తమ్మా?"

అది నిజం కాదు. పిట్టలు మనిషి వాసన చూసి పిల్లలను వదిలేయవు. మనుమరాలు పిల్లను మెల్లగా పట్టి గూట్లో పెట్టింది. కాసేపటికి తల్లి పురుగుతో వచ్చింది.

పదమూడో రోజు పొద్దున గూడు ఖాళీగా ఉంది. మూడు పిల్లలూ ఎదురుగా ఉన్న వేపకొమ్మ మీద వరుసగా కూర్చున్నాయి. ఎగరడం వచ్చినా అవి ఇంకా కొన్ని రోజులు తల్లిదండ్రుల మీదనే ఆధారపడతాయి. అవ్వ వాటిని చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో గోడ మీది అక్షరాలు తుడిచింది.

"ఇగ కూలగొట్టుండ్రి" అంది.

కొత్త ఇల్లు లేచింది. పిట్టగోడ కట్టేటప్పుడు కొడుకే మేస్త్రీని పిలిచాడు. "నీడ పడే దిక్కు మూడు గూళ్లు ఇడువు" అన్నాడు. మేస్త్రీ మూడుచోట్ల ఇటుక తీసి ఖాళీ ఉంచాడు. ముందు మూసి, అంగుళంన్నర వెడల్పు బొక్క పెట్టాడు. దానికి వేరే ఖర్చు ఏమీ కాలేదు.

వానాకాలం పోయింది. చలికాలం పోయింది. మళ్లీ ఫాల్గుణం వచ్చింది. ఒక గూట్లోకి పిచ్చుకల జంట గడ్డి మోయడం మొదలుపెట్టింది. మిగతా రెండు గూళ్లూ ఖాళీగానే ఉన్నాయి. వెనక అర్రలో గుడ్లు పోయిన జంట మళ్లీ కనబడిందో లేదో ఎవరికి తెలుసు? పిచ్చుకలన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి.

"ఖాళీగ ఉంటే ఉండనియ్యి. చోటైతే ఉన్నది గదా!" అంది అవ్వ.

8. మనం ఏం చేయగలం?

- పాత ఇల్లు తీసే ముందు చూరు, గోడ బొక్కలు చూడాలి. గుడ్లు, పిల్లలు ఉంటే ఆ భాగాన్ని ఆఖరికి తీయాలి. చెట్టు నరకాల్సి వచ్చినా ముందు కొమ్మలు చూడాలి.
- కొత్త ఇంటికి ఒకటి రెండు గూళ్లు వదలాలి. లేదా చెక్క పెట్టె, మట్టికుండ కట్టాలి. పిల్లికి అందని ఎత్తున, నీడలో ఉండాలి. రేకు డబ్బా వద్దు. ఎండకు కాగి పిల్లలు చనిపోతాయి.
- పెరట్లో కొంచెం మట్టి నేల ఉంచాలి. వేప, కానుగ, జామ, మందార, గోరింట వంటి మొక్కలు పెంచాలి.
- పురుగు కనబడగానే మందు కొట్టవద్దు. కొంత పురుగు పిట్టపిల్లకు వదలాలి.
- ఎండాకాలం మట్టి మూకుడులో నీళ్లు పెట్టాలి. రోజూ కడిగి మార్చాలి.
- అక్కరలేని లైట్లు రాత్రి ఆర్పాలి. అక్కరలేని హారన్ కొట్టవద్దు.
- నైలాన్ మాంజా కొనవద్దు. అది చెట్లకు చిక్కి పిట్టల మెడలు, రెక్కలు కోస్తుంది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని దేశమంతటా నిషేధించింది.
- 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లు పాడు చేయడం, గూళ్లు చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తాయి. ఈ సంగతి పిల్లలకు చెప్పాలి.

కొత్త మాటలు

పొదగడం: గుడ్ల మీద కూర్చొని వెచ్చదనం ఇవ్వడం
మాంసకృత్తులు: ఒంటిని పెంచే ఆహార భాగం
పరిశోధకులు: ఒక సంగతిని శ్రద్ధగా చూసి నిజం తేల్చేవారు
నివేదిక: తెలుసుకున్న సంగతులు రాసిన పత్రం
నిషేధం: చేయవద్దని ఆజ్ఞ

చెప్పండి

1. పిట్ట సంసారానికి కావలసిన మూడు ఏవి?
2. పెద్ద పిచ్చుక ఏమి తింటుంది? పిల్ల ఏమి తింటుంది?
3. కొడుకు మొదట ఎందుకు ఒప్పుకోలేదు? మీరు అతని చోట ఉంటే ఏం చేసేవారు?
4. అవ్వ గోడ మీద ఎందుకు రాసింది? నోటితో చెబితే సరిపోయేదా?

లెక్క చేయండి

ఒక పిచ్చుక మార్చి 1న మొదటి గుడ్డు పెట్టింది. రోజుకు ఒకటి చొప్పున నాలుగు గుడ్లు పెట్టింది. ఆఖరి గుడ్డు పెట్టిన రోజు నుంచి పన్నెండు రోజులు పొదిగింది. పిల్లలు పదిహేను రోజులు గూట్లో ఉన్నాయి. అవి ఏ తేదీన ఎగురుతాయి?

చేసి చూడండి

ఒక వారం పొద్దున్నే లేచి మీ ఇంటి చుట్టూ చూడండి. ఏ పిట్ట కనబడింది? దాని గూడు ఎక్కడ ఉంది? అది ముక్కున ఏం పట్టుకుపోతోంది? మీ నోటుబుక్కులో రోజుకు రెండు వాక్యాలు రాయండి. మీ ఇంట్లో పెద్దవారు ఉంటే వారి చిన్నప్పుడు ఏ పిట్టలు ఉండేవో అడిగి అదీ రాయండి. రాసింది నలుగురికీ చదివి వినిపించండి.